మామిడి మండీ తూకం ప్రోగ్రాం: విండోస్‌పై కొత్తగా రాయడానికి ఏ టూల్ తగినది?

ప్రశ్న (చిత్తూరు, మురకంబట్టు నుంచి)

అందరికీ నమస్కారం. చిత్తూరు చుట్టుపక్కల మామిడి మండీలకు తూకం, బిల్లు ప్రోగ్రాములు రాసి ఇచ్చి, ఆ తరువాత వాటి మంచిచెడ్డలు చూసుకోవడం నా పని. మా మామగారి మండీలో ఇప్పటికీ నడుస్తున్న ప్రోగ్రాంను 2004లో విజువల్ బేసిక్ 6 (వీబీ6)తో రాశాను. వచ్చే మే నెలలో కాయ దిగేలోపు దానిని కొత్తగా రాయాలని నిశ్చయించుకున్నాను గానీ, ఏ టూల్‌తో రాయాలన్న దగ్గర మూడు వారాలుగా ఆగిపోయి ఉన్నాను.

ముందుగా పని ఏమిటో చెబుతాను. బండి కాటా ఎక్కగానే ఇండికేటరు నుంచి ఆర్‌ఎస్-232 కేబుల్ ద్వారా బరువు కంప్యూటరుకు వస్తుంది. సరుకుతో ఉన్న బరువు, దించిన తరువాత ఖాళీ బండి బరువు తీసుకుని, ఆ తేడాలో తరుగు, ఆపైన హమాలీ, కమీషను లెక్కగట్టి, రైతుకొకటి, బండికొకటి, మండీకొకటి చొప్పున మూడు కాపీల చీటీని డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు మీద తీస్తాము. జూన్, జూలై నెలల్లో తోతాపురి ఒక్కసారిగా దిగినప్పుడు రాత్రి పదకొండు దాటినా బండ్లు వరుసలో నిలబడే ఉంటాయి. ఆ వేళ ప్రోగ్రాం రెండు నిమిషాలు ఆగిందంటే గొడవ గేటు దాకా వినబడుతుంది.

మార్చక తప్పని కారణాలలో మొదటిది తెలుగు. వీబీ6లోని టెక్స్ట్ బాక్సులు, లేబుళ్లు యూనికోడ్‌ను (అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లలో వాడే ఉమ్మడి పద్ధతిని) చూపలేవు. తెలుగు అక్షరాలు పెడితే ప్రశ్నార్థకాలు వస్తాయి. అందువల్ల అప్పట్లో కొందరి పేర్లు డీటీపీవాళ్లు వాడే పాత ఫాంటులోనూ, మిగిలిన పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనూ ఎక్కించాము. మా మండీకి కాయ తోలేవారిలో ఒకే పేరుగల అవ్వలు ముగ్గురున్నారు. ఊళ్లో వాళ్లను పెద్దింటి అవ్వ, మిట్టమీది అవ్వ, బావికాడి అవ్వ అని గుర్తుపెట్టుకుంటారు. ప్రోగ్రాంలో ఆ ముగ్గురిదీ ఇంగ్లీషులో ఒకే పేరు, అదీ పదిహేను అక్షరాల దగ్గర తెగిపోతుంది. నిరుడు జూలైలో మిట్టమీది అవ్వకు రావలసిన డబ్బు బావికాడి అవ్వ ఖాతాకు వెళ్లింది. నాలుగో రోజున ఆమె చీటీ పట్టుకుని వచ్చి, "ఇందులో నా పేరు యాడుందో చూపించు నాయనా" అని అడిగింది. ఆమెకు తెలుగు చదవడం వచ్చు. కానీ ఆ చీటీలో ఆమె చదవగలిగిన మాట ఒక్కటీ లేదు. డబ్బు సర్దుబాటైంది గానీ ఆమె అడిగిన మాట నన్ను వదలలేదు.

రెండో కారణం, పగలు కూర్చునే గుమాస్తా ఒక లాగిన్‌తోనూ, రాత్రి కూర్చునే గుమాస్తా ఇంకో లాగిన్‌తోనూ పనిచేస్తే, ఒకరు ఎక్కించిన తూకాలు మరొకరికి కనబడడం లేదు. దానికి కారణం నాకు అంతుపట్టలేదు. ఇద్దరినీ ఒకే లాగిన్‌లో కూర్చోబెట్టి నెట్టుకొస్తున్నాము. మూడోది, వీబీ6 డెవలప్‌మెంట్ ఎన్విరాన్‌మెంట్‌కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2008 ఏప్రిల్ 8తోనే ముగిసింది. దానితో చేసిన ప్రోగ్రాములు విండోస్ 11లో కూడా నడుస్తున్న మాట నిజమే అయినా, ఇంకా దానినే పట్టుకుని వేలాడడం నాకు ధైర్యంగా అనిపించడం లేదు.

మండీలలోని కంప్యూటర్లలో చాలావాటికి 4 జీబీ ర్యామే ఉంది. ఇంటర్నెట్ ఉన్నా లేకపోయినా ప్రోగ్రాం నడవాలి. తమిళనాడు లారీలు ఎక్కువగా వస్తాయి కాబట్టి బండి కాపీ మీద తమిళం కూడా ఉంటే మేలు. నా తరువాత దీనిని చూసుకోవలసినది తిరుపతిలో బీటెక్ చదువుతున్న మా మేనల్లుడు. విన్‌ఫారమ్స్, డబ్ల్యూపీఎఫ్, లాజరస్, క్యూటీ, ఎలక్ట్రాన్ అనే ప్రోగ్రాములు రాసే టూల్స్ అన్నింటినీ పైపైన చూశాను. వీటిలో దేనితో మొదలుపెట్టమంటారు?

జవాబు 1 (తిరుపతి, భవానీ నగర్ నుంచి)

అన్నగారికి నమస్కారం. పద్నాలుగేళ్లుగా రైసు మిల్లులకూ కల్యాణ మండపాలకూ సీ షార్ప్‌లో ప్రోగ్రాములు రాస్తున్నాను. మీ పనికి నేను చెప్పేది విజువల్ స్టూడియో, అందులో విన్‌ఫారమ్స్. వీబీ6 అలవాటున్న చేతికి అంత దగ్గరగా ఉన్నది మరొకటి లేదు: ఫారం మీద బటన్ పెట్టడం, దాని మీద రెండుసార్లు నొక్కి కోడ్ రాయడం, మధ్యలో ఆపి ఏ వేరియబుల్‌లో ఏ విలువ ఉందో చూసుకోవడం, అన్నీ మీకు తెలిసిన పద్ధతిలోనే ఉంటాయి. విజువల్ స్టూడియో కమ్యూనిటీ ఎడిషన్ ఒంటరిగా పనిచేసే డెవలపరుకు ఉచితం, దానితో చేసినది అమ్ముకోవచ్చు. చిన్న సంస్థలోనైతే ఐదుగురి దాకా వాడుకోవచ్చు.

టూల్ సంగతికి ముందు మీ రెండో సమస్య చెబుతాను, ఎందుకంటే అది తెలియకుండా డేటా మార్చారంటే సగం తూకాలు పోతాయి. మీ ప్రోగ్రాం, దాని ఎండీబీ ఫైలు (డేటా ఉండే యాక్సెస్ డేటాబేస్ ఫైలు) ప్రోగ్రాం ఫైల్స్ ఫోల్డరులో ఉన్నాయనుకుంటాను. విండోస్ విస్టా నుంచి మామూలు యూజరుకు ఆ ఫోల్డరులో రాసే అనుమతి లేదు. అయితే వీబీ6 నాటి పాత 32 బిట్ ప్రోగ్రాములు ఆగిపోకూడదని, అవి అక్కడ రాయబోయినప్పుడు విండోస్ ఆ ఫైలుకు ఒక నకలు తీసి, ఆ యూజరు సొంత ఫోల్డరులో, యాప్‌డేటా, లోకల్ కింద ఉన్న వర్చువల్‌స్టోర్ అనే చోట పెట్టి, అక్కడి నుంచి అందులోనే రాయిస్తుంది. ప్రోగ్రాంకు ఆ సంగతి తెలియదు. ఇద్దరు గుమాస్తాలు ఇద్దరు యూజర్లు కాబట్టి ఫైళ్లు కూడా రెండయ్యాయి. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ప్రాసెస్ మానిటర్ నడిపి, మీ ఎండీబీ పేరుతో వడకట్టి చూడండి. ప్రోగ్రాం నిజంగా ఏ ఫైలును తెరుస్తున్నదో అందులో వరుసగా కనబడుతుంది. కొత్త ప్రోగ్రాంలో డేటాను ప్రోగ్రాండేటా ఫోల్డరులో ఉంచి, యూజర్లందరికీ రాసే అనుమతిని ఇన్‌స్టాలరులోనే ఇప్పించండి.

డేటా మార్చే దగ్గర ఇంకొక చిక్కుంది. పాత ఎండీబీని చదివే జెట్ 4.0 ప్రొవైడరు (డేటాబేస్‌ను చదివించే విండోస్ భాగం) 32 బిట్‌లో మాత్రమే ఉంది. ప్రాజెక్టును 64 బిట్‌గా బిల్డ్ చేస్తే ఆ ప్రొవైడరు నమోదు కాలేదన్న ఎర్రర్ వస్తుంది, ఎన్నిసార్లు ఇన్‌స్టాల్ చేసినా పోదు. మార్పిడి ప్రోగ్రాం వరకు ఎక్స్86గా (అంటే 32 బిట్‌గా) బిల్డ్ చేయండి.

ఇక కాటా సంగతి. సీరియల్ పోర్ట్ క్లాసులో డేటా వచ్చినప్పుడు పిలిచే ఈవెంటు మీ ఫారం నడిచే థ్రెడ్‌లో (ప్రోగ్రాం లోపల విడిగా నడిచే పని వరుసలో) కాకుండా వేరే థ్రెడ్‌లో నడుస్తుంది. వీబీ6లో సీరియల్ పోర్టును చదివే ఎమ్మెస్‌కామ్‌లో ఈ బెడద లేదు కాబట్టి మీకు కొత్తగా ఉంటుంది. పైగా ఆ ఈవెంటు ఒక్కసారికి పూర్తి బరువు వస్తుందన్న హామీ లేదు. ఇండికేటరు 12480 అని పంపితే ఒకసారి 124, మరోసారి 80 రావచ్చు. వచ్చిన దానిని వచ్చినట్టు అంకెగా మార్చి చూపిన ప్రోగ్రాం ఒక మిల్లులో పన్నెండు టన్నుల లోడును 124 కిలోలని చీటీ కొట్టడం నేను కళ్లారా చూశాను. వచ్చిన అక్షరాలను కూడబెట్టుకుంటూ, వరుస ముగింపు గుర్తు వచ్చిన తరువాతే చదవాలి; వరుసగా కొన్ని రీడింగులు ఒకటిగా ఉన్నప్పుడే బరువు నిలిచినట్టు లెక్క. ఆ థ్రెడ్ నుంచి ఫారం మీద చూపడానికి ఇన్వోక్ (పని అయ్యేదాకా ఆగేది) బదులు బిగిన్‌ఇన్వోక్ (ఆగనిది) వాడండి. ఇన్వోక్ వాడితే పోర్టును మూసే సమయంలో రెండు థ్రెడ్లు ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ ప్రోగ్రాం బిగుసుకుపోవచ్చు.

తెలుగు విషయంలో, విండోస్ 8 నుంచి నిర్మలా యూఐ ఫాంటు సిస్టంతోపాటే వస్తుంది. తెలుగు, తమిళం రెండూ అందులో ఉన్నాయి. అయితే విన్‌ఫారమ్స్‌లో తెర మీది అక్షరాలు సాధారణంగా టెక్స్ట్ రెండరర్ దారిలో, అంటే విండోస్‌లో బొమ్మలు, అక్షరాలు గీసే పాత భాగమైన జీడీఐ ద్వారా గీయబడతాయి. ఆ దారి ప్రింటింగ్‌కు పనికిరాదు కాబట్టి, కాగితం మీదికి వచ్చేవి డ్రాస్ట్రింగ్ దారిలో జీడీఐ ప్లస్ ద్వారా వస్తాయి. తెర మీద బాగుంది కదా అని నమ్మకుండా, మీ ప్రింటరు మీదనే ఒక చీటీ తీసి చూసిన తరువాత నిర్ణయించుకోండి.

డబ్ల్యూపీఎఫ్ చెడ్డదని కాదు. 2006 నుంచి ఉంది, తెర పరిమాణాన్ని బట్టి చక్కగా సర్దుకుంటుంది. కానీ అందులో తెరలు రాసే భాష ఎక్సామ్ల్ నేర్చుకోవడానికి కనీసం రెండు నెలలు కావాలి. మీ నాలుగు ఫారాలకు అంత శ్రమ అక్కరలేదు.

జవాబు 2 (పుత్తూరు నుంచి)

పై సోదరుడు చెప్పిన వర్చువల్‌స్టోర్ సంగతి అక్షరాలా నిజం. నేనూ ఒక బెల్లం మండీలో అదే చూశాను. కానీ టూల్ విషయంలో ఒక మాట అడగాలనుంది. మీరు చెప్పిన విన్‌ఫారమ్స్ ఏ డాట్‌నెట్ (సీ షార్ప్ ప్రోగ్రాములు నడిచే మైక్రోసాఫ్ట్ వేదిక) మీద? 2025 నవంబరులో వచ్చిన డాట్‌నెట్ 10 దీర్ఘకాల మద్దతు ఉన్న వెర్షనే అయినా, ఆ దీర్ఘకాలం మూడేళ్లే. డాట్‌నెట్ 8 గడువు 2026 నవంబరుతో తీరిపోతుంది. అన్నగారు 2004లో రాసినది ఇరవై ఏళ్లు దాటి నడిచింది. అటువంటివారికి మూడేళ్లకొకసారి వెర్షన్ మార్చుకొమ్మని చెప్పడం నాకు సబబనిపించడం లేదు.

నా మాటగా లాజరస్ చూడమంటాను. 1995లో వచ్చిన డెల్ఫీ పద్ధతిలోనే, ఫ్రీ పాస్కల్ కంపైలరు ఆధారంగా, 1999లో మొదలై 2012లో 1.0కు చేరిన ఉచిత టూల్ ఇది. ఫారం మీద బటన్ పెట్టి కోడ్ రాసే పద్ధతి ఇందులోనూ ఉంది. బిల్డ్ చేస్తే ఒక్క ఎగ్జి ఫైలు వస్తుంది. దానికి వేరే రన్‌టైమ్ అక్కరలేదు. పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి కాపీ చేస్తే చాలు. మొదటిసారి బిల్డ్ చేసినప్పుడు ఇరవై ఎంబీకి పైగా వచ్చిందని కంగారు పడవద్దు, డీబగ్ సమాచారం లోపలే ఉండడం వల్ల అంత అవుతుంది. రిలీజ్ మోడ్‌లో దానిని తీసేస్తే రెండు మూడు ఎంబీలకు దిగుతుంది. స్ట్రింగులు యూటీఎఫ్-8 (యూనికోడ్‌ను రాసే ఒక రూపం) కాబట్టి తెలుగు నేరుగా రాయవచ్చు. లైసెన్సు ప్రకారం మీ సోర్స్ కోడ్‌ను ఎవరికీ ఇవ్వవలసిన పని లేదు.

డేటాబేస్ గురించి ఎవరూ చెప్పలేదు. మీ మండీలో కాటా దగ్గరొక కంప్యూటరు, ఆఫీసులో ఇంకొకటి ఉంటే, ఎస్‌క్యూలైట్ (ఒకే ఫైలులో ఉండే డేటాబేస్) ఫైలును షేర్ చేసిన ఫోల్డరులో పెట్టి రెండు చోట్ల నుంచి తెరవకండి. ఒకే కంప్యూటరులో దానిని మించినది లేదు, కరెంటు పోయినా సగం రాసిన లావాదేవీని వెనక్కి తీసుకుంటుంది. కానీ నెట్‌వర్క్ ఫోల్డరులో ఫైలు లాకింగ్ సరిగా పనిచేయక డేటా పాడవుతుందని దానిని చేసినవాళ్లే హెచ్చరిస్తున్నారు. రెండు కంప్యూటర్లుంటే ఫైర్‌బర్డ్ వంటి సర్వరు డేటాబేస్ పెట్టుకోవాలి. 4 జీబీ ర్యామ్‌లో అది సుఖంగా నడుస్తుంది.

లాజరస్‌లో లోటు లేదని అనను. డీబగ్గరు విజువల్ స్టూడియో అంత పదునైనది కాదు. పుస్తకాలు, వీడియోలు తక్కువ. బీటెక్ చదివే కుర్రవాడికి పాస్కల్ నేర్చుకో అంటే మొహం చిన్నబుచ్చుకుంటాడేమో, అది మీ ఇంట్లో మాట్లాడుకోవలసిన విషయం.

జవాబు 1కి కొనసాగింపు (భవానీ నగర్)

పుత్తూరు అన్న అడిగినది సరైన ప్రశ్న. నేను ముందే స్పష్టంగా రాయవలసింది. ఈ పనికి నేను వాడమనేది డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8. అది 2019లో వచ్చింది, విండోస్ 10లో 1903 అనే వెర్షన్ నుంచి, విండోస్ 11లోనూ సిస్టంలో భాగంగానే ఉంటుంది. ఆ విండోస్‌కు మద్దతు ఉన్నన్నాళ్లూ దానికీ ఉంటుంది. కొత్త హంగులేవీ చేరవు. మనకు కావలసినవి ఇప్పటికే అందులో ఉన్నాయి. సీరియల్ పోర్ట్ క్లాసు కూడా అందులో అంతర్భాగమే. కొత్త డాట్‌నెట్‌లోనైతే దానిని ప్యాకేజీగా తెచ్చుకోవాలి. ఎగ్జి కూడా కొన్ని వందల కేబీలతో సరిపోతుంది. అదే కొత్త డాట్‌నెట్‌ను ప్రోగ్రాంతోపాటే కలిపి ఇస్తే వంద ఎంబీ దాటుతుంది.

జవాబు 3 (తిరుపతి, బైరాగిపట్టెడ నుంచి)

నమస్కారం అండీ. నేను ప్రయోగశాల పరికరాలకు క్యూటీతో సాఫ్ట్‌వేర్ రాస్తాను. ప్రశ్నలో క్యూటీ పేరున్నా ఇంతవరకు ఎవరూ దాని గురించి రాయలేదు కాబట్టి రాస్తున్నాను.

అక్షరాల విషయంలో నాకు క్యూటీ మీద ఉన్న నమ్మకం మరి దేనిమీదా లేదు. అందులో తెలుగు గుణింతాలను, వత్తులను కూర్చే పని హార్ఫ్‌బజ్ చేస్తుంది. లిబ్రేఆఫీసులోనూ, క్రోమ్‌లోనూ ఉన్నది అదే. ఫాంటును ప్రోగ్రాంలోనే పెట్టి, మొదలయ్యేటప్పుడు లోడ్ చేసుకోవచ్చు కాబట్టి, మండీ కంప్యూటరులో ఏ ఫాంటు ఉందో, ఎవరు తీసేశారో అన్న బెంగ ఉండదు. (ఫాంటును ఇలా వెంట తీసుకువెళ్లడం విన్‌ఫారమ్స్‌లోనూ సాధ్యమే గానీ దానికి మరికొంత కోడ్ రాయాలి.) సీరియల్ పోర్టు కూడా థ్రెడ్ల తలనొప్పి లేకుండా, ఫారం నడిచే ఈవెంట్ లూప్‌లోనే డేటా వచ్చిందని చెబుతుంది. అదే కోడ్‌ను రేపు లినక్స్ మీద కూడా బిల్డ్ చేసుకోవచ్చు. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. మీ పాత కంప్యూటర్లలో చాలావాటికి విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 (భద్రతా చిప్) ఉండకపోవచ్చు. కొత్త యంత్రాలు కొనలేని మండీలకు లినక్స్ ఒక దారి అవుతుంది, ఆ దారి విన్‌ఫారమ్స్‌కు అధికారికంగా లేదు.

లైసెన్సు గురించి భయపడేవారు చాలామంది ఉన్నారు. ప్రధాన లైబ్రరీలను ఎల్జీపీఎల్ అనే ఉచిత లైసెన్సు మూడో వెర్షన్ కింద వాడుకుని, వాటిని డీఎల్‌ఎల్‌లుగా విడిగా ఉంచి, లైసెన్సు పాఠాన్ని జతచేసి, కావాలనుకున్నవారు ఆ లైబ్రరీలను మార్చుకునే వీలు ఉంచితే, మీ కోడ్ మూసి ఉంచి అమ్ముకోవచ్చు. అయితే క్యూటీలో కొన్ని మాడ్యూళ్లు జీపీఎల్ (మీ కోడ్‌ను కూడా బయటపెట్టమనే లైసెన్సు) కింద మాత్రమే వస్తాయి. ఏది వాడుతున్నారో ఒకసారి చూసుకోవాలి.

ఇంత చెప్పినా, మే నెల గడువు చూస్తే మీకు సీ ప్లస్ ప్లస్ నేర్చుకొమ్మని సలహా ఇవ్వలేను. క్యూటీని పైథాన్‌లో వాడుకునే పైసైడ్6తో పైథాన్‌లో రాయవచ్చు, మీ మేనల్లుడికి అది వచ్చే ఉంటుంది. కానీ పైఇన్‌స్టాలరుతో ఒకే ఫైలుగా కట్టిన ప్రోగ్రాం తెరిచిన ప్రతిసారీ తాత్కాలిక ఫోల్డరులో విప్పుకుంటుంది కాబట్టి, పాత హార్డ్ డిస్కు మీద తెరుచుకోవడానికి ఆలస్యం అవుతుంది. కొన్ని యాంటీవైరస్‌లు దానిని అనుమానించి తీసేస్తాయి కూడా. రాత్రి పదకొండుకు బండి కాటా మీద ఉండగా అలా జరిగితే ఫోను వచ్చేది మీకే. ఈసారికి విన్‌ఫారమ్స్‌తో కానిచ్చి, సీజన్ తరువాత నింపాదిగా క్యూటీ చూడండి.

జవాబు 4 (రేణిగుంట నుంచి)

ఎలక్ట్రాన్ గురించి క్లుప్తంగా. వెబ్ పేజీలు రాసే అలవాటున్నవారికి ఇది సులువు. తెలుగు, తమిళం క్రోమియం మీద నిక్షేపంగా వస్తాయి. మనమంతా వాడే వీఎస్ కోడ్ దానితోనే చేశారు కాబట్టి పనికిరానిదని ఎవరూ అనలేరు. కానీ ప్రతి ప్రోగ్రాం ఒక మొత్తం బ్రౌజరును తనతో మోసుకొస్తుంది. 4 జీబీ ర్యామ్ ఉన్న యంత్రంలో టాలీ, బ్రౌజరు తెరిచి ఉండగా దీనిని కూడా నడిపితే కాటా దగ్గర మౌసు కదలడమే కష్టమైన అనుభవం నాకుంది. కాటాకు అవసరమైన సీరియల్‌పోర్ట్ మాడ్యూల్ నేటివ్ కోడ్ కాబట్టి, ఎలక్ట్రాన్ వెర్షన్ మారినప్పుడల్లా దాని సంగతి మళ్లీ చూసుకోవాలి. విండోస్ 7 ఉన్న యంత్రం ఒక్కటున్నా, ఎలక్ట్రాన్ 23 నుంచి దాని మీద నడవదు.

ఎలక్ట్రాన్ లాంటిదే మరొకటి టౌరీ, 2022లో 1.0కు, 2024లో 2.0కు వచ్చింది. అది విండోస్‌లో ఉన్న వెబ్‌వ్యూ2 అనే బ్రౌజరు భాగాన్నే వాడుకుంటుంది కాబట్టి ఇన్‌స్టాలరు చిన్నది. అయితే కాటాను చదివే భాగం రస్ట్ భాషలో రాయాలి. మీ గడువుకు అది కుదరదు.

ప్రశ్న అడిగినవారి నుంచి (పది రోజుల తరువాత)

సమాధానం రాసినవారందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మీరు చెప్పినవన్నీ ఒక్కొక్కటిగా చేసి చూశాను.

మొదట ప్రాసెస్ మానిటర్ నడిపాను. భవానీ నగర్ తమ్ముడు చెప్పినట్టే, రాత్రి గుమాస్తా లాగిన్ కింద వర్చువల్‌స్టోర్‌లో రెండో ఎండీబీ కనబడింది. మూడు సీజన్ల రాత్రి తూకాలు అందులో భద్రంగా ఉన్నాయి. ఇన్నాళ్లూ అవి పోయాయనుకుని, చీటీల కట్టలు ముందేసుకుని చేతితో లెక్కలు కట్టాము. మా మామగారికి ఆ ఫైలు తెరిచి చూపించినప్పుడు ఆయన చాలాసేపు మాట్లాడకుండా ఒక్కొక్క తేదీనే చూస్తూ ఉండిపోయారు.

తరువాత విన్‌ఫారమ్స్‌లోనూ లాజరస్‌లోనూ ఒకే చీటీని తయారుచేసి మా డాట్ మ్యాట్రిక్స్ మీద తీశాను. శ్రీకాళహస్తి, కార్వేటినగరం, లక్ష్మీపురం, స్త్రీ, రాష్ట్రం, జ్యోత్స్న అన్న మాటలు పెట్టాను. రెండింటిలోనూ వత్తులు, గుణింతాలు సరిగానే కూర్చుకున్నాయి. ఇబ్బంది వచ్చింది ప్రింటరు సూదుల దగ్గర. మాది తొమ్మిది పిన్నుల ప్రింటరు. నిర్మలా యూఐ గీతలు సన్నగా ఉండడంతో తలకట్లు తెగి, "లక్ష్మీ"లోని మ వత్తు ఒక నల్లటి చుక్కలా అయింది. మండలి ఫాంటు పెట్టి, పేరు ఉన్న వరుసను 14 పాయింట్లకు పెంచిన తరువాత, వెలుతురు తక్కువగా ఉన్న కాటా గదిలో కూడా చదవగలిగేటట్టు వచ్చింది. మూడో కాపీ మీద, కార్బన్ కింద కూడా పేరు తెలుస్తున్నది.

వేగం మాత్రం పడిపోయింది. ప్రింటరు సొంత అక్షరాలతో పన్నెండు సెకన్లలో వచ్చే చీటీ, తెలుగును బొమ్మగా గీయవలసి రావడంతో నలభై సెకన్లు తీసుకున్నది. 80 మిల్లీమీటర్ల థర్మల్ ప్రింటరు ఒకటి తెచ్చి చూశాను. రెండు సెకన్లలో చక్కటి తెలుగు వచ్చింది. కానీ ఆ చీటీని ఒక మధ్యాహ్నం ట్రాక్టరు బానెట్టు మీద పెట్టి చూస్తే కాగితం నల్లబడి అంకెలు కలిసిపోయాయి. రైతు ఆ చీటీని డబ్బు చేతికందేదాకా జేబులోనో, చీర కొంగులోనో దాచుకుంటాడు, దాచుకుంటుంది. అటువంటి కాగితం నేను ఇవ్వలేను. అందువల్ల డాట్ మ్యాట్రిక్స్‌నే ఉంచి, చీటీనే కుదించాను. పైన అచ్చువేసే మండీ పేరు, అడ్రసు, ఫోను నంబర్లు ముందే అచ్చయిన కాగితం తెప్పించుకుని, ప్రోగ్రాం నుంచి వచ్చే వరుసలను ఇరవై ఆరు నుంచి పదికి తగ్గిస్తే పద్దెనిమిది సెకన్లకు వచ్చింది. బండి దిగి డ్రైవరు కిటికీ దగ్గరికి నడిచి వచ్చేంతలో చీటీ సిద్ధంగా ఉంటుంది.

విజువల్ స్టూడియో, విన్‌ఫారమ్స్, డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8, కాటా ఒక్కటే ఉన్న మండీలకు ఎస్‌క్యూలైట్, మాకు ఫైర్‌బర్డ్ అని నిర్ణయించుకున్నాను. లాజరస్ ఎగ్జి తెరుచుకునే వేగం చూసి మనసు లాగింది గానీ, మేనల్లుడు సీ షార్ప్ అయితే సెలవుల్లో వచ్చి కూర్చుంటానన్నాడు. లినక్స్ గురించి బైరాగిపట్టెడ అమ్మ రాసినది నోట్ చేసి పెట్టుకున్నాను. లెక్కలు కట్టే భాగాన్ని ఫారాల నుంచి వేరుగా రాస్తున్నాను, రేపు మార్చవలసి వస్తే తెరలు మాత్రమే మారతాయి.

ఒక్క పని మిగిలింది. పాత ఫాంటులో ఉన్న సుమారు ఎనిమిది వందల పేర్లను యూనికోడ్‌కు మార్చాలి. ఒక్కొక్క గుర్తుకు ఒక్కొక్క తెలుగు అక్షరం పెట్టి పట్టిక రాసుకున్నాను. మామూలు పేర్లు బాగానే వస్తున్నాయి గానీ, వత్తు ఉన్న చోట దీర్ఘాలు, గుడులు తప్పు చోట పడుతున్నాయి. ఏమి చేయాలి?

జవాబు 1కి రెండో కొనసాగింపు (భవానీ నగర్)

అన్నగారూ, మూడు సీజన్ల తూకాలు దొరికినందుకు ఎంతో సంతోషంగా ఉంది.

మీ పట్టికలో తప్పు లేదు, వరుసలోనే తేడా ఉంది. పాత ఫాంటులో కంటికి కనబడే ఆకారాల వరుస ఉంటుంది: "క్రా" కావాలంటే ముందు "కా" ఆకారం, ఆ తరువాత రావత్తు ఆకారం. యూనికోడ్‌లో పలికే వరుస ఉంటుంది: క, పొల్లు, ర, ఆపైన దీర్ఘం. కాబట్టి పట్టిక ప్రకారం మార్చిన తరువాత ఇంకొకసారి స్ట్రింగ్ మొత్తం నడిచి, ఎక్కడైనా గుణింతపు గుర్తు వెంటనే పొల్లు, హల్లు జంట కనబడితే, ఆ గుర్తును తీసి జంట తరువాతికి జరపాలి. "రాష్ట్రం"లో లాగా వత్తులు రెండుంటే ఆ రెండింటినీ దాటే వరకు జరపాలి. కొన్ని ఫాంటులలో రావత్తు అక్షరానికి ముందే ఉంటుంది, అటువంటప్పుడు దానిని తరువాతి హల్లు వెనక్కి చేర్చాలి. మీ ఫాంటులో ఎలా ఉందో "శ్రీ" అన్న మాట తీసి చూస్తే తెలుస్తుంది. తలకట్టు గుర్తులు కొన్ని ఫాంటులలో విడిగా ఉంటాయి, వాటి బదులు ఏమీ పెట్టకుండా తీసేయండి.

ఇవన్నీ చేసినా కొన్ని పేర్లు మిగులుతాయి. మార్చిన జాబితాను పెద్ద అక్షరాలతో అచ్చు తీసి, ఊరూరికి విడిగా పేజీలు చేసి, మే నెలలో మొదటి లోడు తెచ్చినప్పుడు ఆయా ఊళ్ల వాళ్ల చేతనే చదివించండి. ఒకే పేరున్న ముగ్గురు అవ్వలకూ ఇంటిపేరుతోపాటు ఊళ్లో పిలిచే గుర్తింపు కోసం ఒక గడి వేరే పెట్టండి, దానిని చీటీ మీద పేరు పక్కనే అచ్చు వేయించండి.